బకెట్ ఏ చేత్తో ఎత్తాడు

కోచ్ పోయారని మా వాడు ఫోన్ చేసినప్పుడు నేను శాంటా క్లారాలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. పని వేళల్లో వాడు ఎప్పుడూ ఫోన్ చేయడు. ఏమైందో అని బయటికొచ్చి ఎత్తాను.

"నాన్నా, కోచ్ చనిపోయారు. నిద్రలోనే అంట. సాటర్డే ఫీల్డ్ దగ్గర అందరూ మీట్ అవుతున్నారు. నువ్వు వస్తావా?"

"నాన్నా, ఉన్నావా లైన్‌లో?" అని వాడు రెండుసార్లు అడిగాడు. ఏడేళ్ళుగా నేను ఆ మనిషి ఎదుట పడలేదు. ఈ నాలుగు మాటలూ ఆయన కోసమే రాస్తున్నాను గానీ, ఇందులో సగం నా తప్పు గురించే ఉంటుంది. అది వదిలేసి ఆయన గురించి రాయడం నాకు చేతకాలేదు.

మా ఫ్రీమాంట్‌కి దగ్గర్లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆయన బేస్‌బాల్ కోచ్. ముప్పై ఏళ్ళకు పైగా అదే కాలేజీ, అదే గ్రౌండ్. పొద్దున వ్యాయామం క్లాసులు, మధ్యాహ్నం ఆట. రెండేళ్ళ చదువు కాబట్టి అక్కడ బాగా ఆడినవాళ్ళని పెద్ద యూనివర్సిటీలు తీసుకుపోతాయి. పిల్లలు చేతికంది వచ్చేసరికి వెళ్ళిపోతారు, ఆయన మళ్ళీ కొత్తవాళ్ళతో మొదలుపెడతారు. మట్టి చదును చేసేది ఆయనే, తెల్లపొడితో గీతలు గీసేది ఆయనే, పొరుగూరి మ్యాచ్‌లకి వ్యాన్ నడిపేదీ ఆయనే. "ఇదెక్కడి కాలేజీరా బాబూ, కోచ్ చేత చీపురు పట్టిస్తున్నారు!" అని మా వాడి దగ్గర నవ్వాను కూడా. నేను బాపట్లలో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ణి. ఈ ఆటంటే మొదట్లో నాకు చులకన.

ఆయనకి కుర్చీ ఉండేది కాదు. బంతులు నింపిన పెద్ద ప్లాస్టిక్ బకెట్ ఒకటి, దాని మూత మీద చిన్న మెత్త. దానిమీదే కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితం కప్పులో ఊస్తూ ఆట చూసేవారు. మా వాడు పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు. ప్రాక్టీస్ మొదలయ్యే ముందు పిచర్లు ఒక్కొక్కరూ ఆ బకెట్‌ని షెడ్డు నుంచి బంతులు విసిరే చోటికి మోసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చిపెట్టాలి. ఆయన అటు చూస్తున్నట్టే ఉండేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక కంచె దగ్గర అడిగేశాను, మా వాడు ఆటకి వచ్చాడా, కూలికి వచ్చాడా అని.

ఆయన నవ్వారు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే, నాకు గుర్తున్న తీరులో తెలుగులో పెడుతున్నాను. "చెయ్యి ఎలా ఉందని అడిగితే ఈ వయసు పిల్లలు బాగుందనే అంటారు. అందుకని చేతిని అడగను, బకెట్‌ని అడుగుతాను."

చొక్కా చెయ్యి పైకి మడిచి తన మోచెయ్యి చూపించారు. జానెడు మచ్చ. ఇరవై రెండేళ్ళ వయసులో నొప్పి దాచుకుని ఆడారట. "ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడితో నా ఆట సరి," అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆయన చూపు పిల్లల మీదే ఉంది.

దూరం మ్యాచ్‌లకి మా ఆవిడ పులిహోర చేసి పంపేది. అందులో కరివేపాకు తినాలా తీసేయాలా అని ఆయన సందేహం. "మీ ఇష్టం సార్," అంది మా ఆవిడ. ఆ రోజు నుంచి ఒక్క ఆకు వదిలేవారు కాదు. వేరుశెనగ పలుకుల కోసం వ్యాన్‌లో పిల్లలతో పోట్లాడేవారట. ఇంత దగ్గరి మనిషికే నేను ద్రోహం చేశాను.

రెండో ఏడు, ఒక గురువారం సాయంత్రం. ఆ శనివారం మ్యాచ్‌కి ఒక పెద్ద యూనివర్సిటీ వాళ్ళు మా వాడి ఆట చూడ్డానికి వస్తున్నారు. గరాజ్‌లో కారు దగ్గర నిలబడి మా వాడు, "నాన్నా, ఎల్బో లోపల బాగా హర్ట్ అవుతోంది. కోచ్‌కి చెప్తాను," అన్నాడు.

"ఇప్పుడా? రెండు రోజులు ఓర్చుకోలేవా నాన్నా? శనివారం అయిపోనీ, అప్పుడు చెబుదువుగాని."

వాడు నా మొహంలోకి చూశాడు. "ఓకే," అన్నాడు. మేమిద్దరం వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు.

శుక్రవారం వాడు బకెట్‌ని ఎడమ చేత్తో ఎత్తాడు. వాడిది కుడి చెయ్యి వాటం. కోచ్ దగ్గరికి వెళ్ళి బకెట్ వాడి చేతిలోంచి తీసుకున్నారట. శనివారం మా వాణ్ణి బెంచీ మీదే కూర్చోబెట్టారు. యూనివర్సిటీ వాళ్ళు ఇంకెవరినో చూసుకుని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నేను చేసింది నా బోటి ఇంజనీర్లు మాత్రమే చేయగల పని. ఆఫీసులో పని జరక్కపోతే పైవాళ్ళకి ఎస్కలేట్ చేస్తాం కదా, అదే చేశాను. ఎవరెవరికి ఎంతసేపు ఆట ఇచ్చారో ఎక్సెల్ షీట్ కట్టాను. మా వాడి వరసకి ఎర్రరంగు వేశాను. మా రంగు చూసి పక్కన పెడుతున్నారేమో అనే అర్థం వచ్చే వాక్యం కూడా ఒకటి ఉత్తరంలో ఇరికించాను. అది నిజం కాదని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. కాలేజీలో ఆటల విభాగం చూసే పెద్దమనిషికి పంపి, ఇంకో నలుగురికి సీసీ పెట్టాను.

పిలిచారు. గదిలో ఆ పెద్దమనిషి, కోచ్, నేను. కోచ్ తనను తాను సమర్థించుకోలేదు. నన్ను ఒక్కటే అడిగారు. "నొప్పిగా ఉందని మీ అబ్బాయి ఇంట్లో ఎప్పుడైనా చెప్పాడా?"

"లేదు," అన్నాను.

ఆ ఒక్క మాటతో అందరి దగ్గరా నొప్పి దాచిన దొంగని మా వాణ్ణి చేశాను. అనుమానంతో పిల్లాణ్ణి ఆపేసిన మనిషిని ఆయన్ని చేశాను. ఆయన తల ఊపారు. బయట పార్కింగ్‌లో నా కారు దాకా వచ్చి, "ఈ రాత్రి వాడి చేతికి ఐస్ పెట్టండి. నేరుగా పెట్టొద్దు, మధ్యలో టవల్ ఉండాలి. ఇరవై నిమిషాలు చాలు. రేపు డాక్టర్‌కి చూపించండి," అన్నారు. ఏమీ తెలియని తండ్రికి చెప్పే మాట కాదది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

మోచెయ్యి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ సగం చిరిగిందన్నాడు డాక్టర్. ఇంకొక్క మ్యాచ్ ఆడి ఉంటే పూర్తిగా తెగేదట. కోత లేకుండానే తగ్గింది. సన్నీవేల్‌లో మా తెలుగు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాను, ప్రభువు నా బిడ్డ చెయ్యి కాపాడాడని. అందరూ ఆమేన్ అన్నారు. ఆ చెయ్యి ఏ మనిషి ద్వారా కాపాడాడో చెప్పలేదు. గురువారం సంగతి అసలే చెప్పలేదు. అంత దొంగ సాక్ష్యం ఆ చర్చిలో ఇంకెవరూ చెప్పి ఉండరు.

ఆ వేసవిలో టీముకి కొత్త కోచ్ వచ్చాడు. కొత్త ఆలోచనలు కావాలన్నారట. ఆయనకి పొద్దున క్లాసులు మాత్రం మిగిలాయి. నా ఉత్తరం అందులో ఎంత పనిచేసిందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేకపోయింది.

తర్వాత ఒక్కసారి ఆయన్ని చూశాను, ఇండియన్ స్టోర్స్‌లో. కూరగాయల దగ్గర నిలబడి కరివేపాకు కట్ట వాసన చూస్తున్నారు. నేను గబుక్కున పచ్చళ్ళ వరసలోకి తప్పుకుని, ఆయన వెళ్ళేదాకా ఆవకాయ సీసా మీద అక్షరాలు చదువుతూ నిలబడ్డాను. యాభై దాటిన మగవాణ్ణి, దాక్కున్నాను.

మా వాడు ఫోన్‌లో చెప్పిన ఆ శనివారం గ్రౌండ్‌కి వెళ్ళాం. ఉపన్యాసాలు వద్దని ఆయన ముందే చెప్పారట. పాత పిల్లలంతా, నెరిసిన తలలవాళ్ళతో సహా, వంతులవారీగా బంతులు కొట్టారు. చివర్లో ఒక మైకు పెట్టి, ఎవరైనా ఒక్క మాట చెప్పాలనుకుంటే చెప్పండన్నారు. నా జేబులో కాగితం ఉంది. ఆయన ఎంత మంచివారో రెండు పేరాలు రాసుకున్నాను, మా ఆవిడ చేత దిద్దించాను. మైకు ముందు నిలబడ్డాక దాన్ని తియ్యబుద్ధి కాలేదు.

"ఏడేళ్ళ కిందట కోచ్ నన్నొక ప్రశ్న అడిగారు," అన్నాను. "నేను తప్పు జవాబు చెప్పాను. నొప్పి అని మా అబ్బాయి నాకు చెప్పాడు. దాచమన్నది నేను. ఆయన మీద ఫిర్యాదు రాసిందీ నేనే."

ఆమేన్ అనేవాళ్ళెవరూ అక్కడ లేరు. ఆయన భార్య ముందు వరసలో ఉన్నారు. మైకు వదిలి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు ఇంటికొచ్చి నాకు చెప్పాడు. పాపం ఆ తండ్రికి అబద్ధం చెప్పడం చేతకాదు అని," అన్నారు. ఉత్తరం వల్ల ఆయనకి ఏం జరిగిందో ఆవిడ ఎత్తలేదు. అడగడానికి నాకు హక్కు లేదనిపించింది.

అందరూ బంతులు ఏరుతున్నారు. మా వాడు నా పక్కకి వచ్చాడు. ఇప్పుడు స్టాక్టన్‌లో బడి పంతులు, సాయంత్రాలు పిల్లలకి ఇదే ఆట నేర్పిస్తాడు.

"నువ్వు లేదన్నావని కోచ్ నాకప్పుడే చెప్పారు నాన్నా," అన్నాడు నేల చూస్తూ. "మీ డాడ్ భయపడ్డాడు, అంతే. తనే చెప్పేదాకా నువ్వు అడగొద్దు అన్నారు."

"ఏడేళ్ళు ఆగావా?"

"ఈజీ కాదు. చాలా కోపం వచ్చేది నీ మీద." ఏరిన బంతిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇంకా కొంచెం ఉంది."

"ఉండనీ నాన్నా. ఉండాలి," అన్నాను. కళ్ళు తుడుచుకుని, ఏదో ఒక పని చెయ్యాలని బంతులు నిండిన కోచ్ పాత బకెట్ దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఇంత బరువుంటుందని అనుకోలేదు. కుడి చేత్తో పైకెత్తి షెడ్డు వైపు నడవడం మొదలుపెట్టాను. సగం దారిలో చెయ్యి లాగింది, మార్చుకోవాలనిపించింది. వెనక్కి తిరిగాను. మా వాడు బంతులు ఏరడం ఆపేసి, నేను ఏ చేత్తో మోస్తున్నానో చూస్తున్నాడు.