వరస తప్పిన బ్యాటర్

శీను బ్యాటు పట్టుకుని వచ్చి నా బల్ల వైపు చూసి కూడా ఏమీ అనకుండా వెళ్ళిపోయినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. గత జూన్‌లో, సీజను ముగిసే శుక్రవారం, సాయంత్రం ఆరు దాటి కొన్ని నిమిషాలైంది. సౌదీలో అల్ ఖోబర్ దగ్గర, మేముండే కంపెనీ కాంపౌండ్ గ్రౌండ్‌లో ఏడో ఇన్నింగ్స్, అంటే చివరిది, జరుగుతోంది. అక్కడి బేస్‌బాల్ లీగ్‌కి నేను అధికారిక స్కోరర్‌ని. ఆ కుర్చీలో నాకది అయిదో సంవత్సరం.

శీనుది నిజామాబాద్ పక్కన ఒక ఊరు. ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. గవర్నమెంటు బడిలో సాఫ్ట్‌బాల్ ఆడిన అలవాటుతో ఇక్కడ బేస్‌బాల్‌కి వచ్చాడు. బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ నా బల్ల ముందు ఒక్క క్షణం ఆగి, "అక్కా, నా పేరు జర మంచిగ రాయి" అనేవాడు. నేను "ముందు మంచిగా కొట్టు నాయనా" అనేదాన్ని. అయిదేళ్ళలో ఈ మాట తప్పిన రోజు లేదు. ఆ సాయంత్రం అతని కళ్ళు నా మీదుగా వెనకనున్న గోడకి వెళ్ళిపోయాయి.

బేస్‌బాల్ తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. క్రికెట్‌లో కెప్టెన్ ఎవరినైనా ఎప్పుడైనా దింపవచ్చు. ఇందులో అలా కుదరదు. ఆట మొదలవక ముందే తొమ్మిది మంది వరసని కాగితం మీద రాసి అంపైర్‌కి ఇవ్వాలి. తొమ్మిదో వాడి తర్వాత మళ్ళీ మొదటి వాడు. ఆ కాగితం నకలు స్కోరర్ దగ్గర ఉంటుంది. ఎవరైనా వరస తప్పి వచ్చి బ్యాటింగ్ పూర్తి చేస్తే, తర్వాతి బంతి పడేలోపు అవతలి జట్టు అంపైర్‌కి ఫిర్యాదు చెయ్యాలి. అప్పుడు అసలు రావలసిన వాడు అవుట్. పూర్తికాక ముందే తెలిస్తే మాత్రం అసలు వాడు వచ్చి ఆ లెక్క నుంచే కొనసాగిస్తాడు. ఫిర్యాదు చెయ్యకపోతే తప్పు ఒప్పయిపోతుంది. ఇక్కడ స్కోరర్‌కి ఒక కఠినమైన నియమం ఉంది. తప్పు కనిపించినా అంపైర్‌కి గానీ, ఏ జట్టుకి గానీ చెప్పకూడదు. పట్టుకోవలసింది ఆటగాళ్ళు. మనం చూసి ఊరుకోవాలి.

ఈ పని నాకు నేర్పింది మెర్సీ ఆంటీ. ఫిలిప్పీన్స్ ఆవిడ, స్కూలు లైబ్రేరియన్. నాకు ముందు చాలా ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుంది. కాకినాడలో మా నాన్న క్లబ్బు క్రికెట్‌కి స్కోరు రాసేవారని మాటల్లో చెబితే, వెంటనే నా చేతిలో పెన్సిల్ పెట్టింది. భర్త ఇకామా, అంటే నివాస పర్మిట్, మీద ఉన్న ఆడవాళ్ళు పని చెయ్యాలంటే వేరే పర్మిట్ ఉండాలి. కాంపౌండ్ ఆఫీసు వెంటపడి దాన్ని తెప్పించింది కూడా ఆవిడే. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న నాకు అది ఎంత పెద్ద సంగతో ఆవిడకి తెలుసో లేదో. "స్కోరర్‌కి కళ్ళుంటాయి, నోరుండదు" అనేది ఆవిడ మొదటి పాఠం.

రెండో పాఠంగా బీరువా తెరిచి పాత స్కోరు పుస్తకాలు చూపించింది. మాది నాలుగు జట్ల చిన్న లీగ్. ఎవరూ టీవీలో చూపించరు. అయినా ప్రతి ఆటా ఆ పుస్తకాల్లో ఉంది. అట్టలు ఊడిపోయిన పాతవాటిలో అన్నీ అమెరికా పేర్లే. అప్పట్లో ఇసుక మీద నూనె చల్లి గట్టిచేసి ఆడేవారట. తర్వాత జపాన్, కొరియా ఇంజనీర్ల పేర్లు, ఆ తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్ళవి. చివరి పుస్తకాల్లో మన పేర్లూ పాకిస్తానీల పేర్లూ, అందరూ క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళే. కాంట్రాక్టు ముగిసి వాళ్ళు వెళ్ళిపోయినా వాళ్ళు ఆడిన శుక్రవారాలు మిగిలాయి. నేను రాసేది కూడా ఇలాగే మిగులుతుందని అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రానికి వస్తాను. స్కోరు సమానంగా ఉంది. ఇద్దరు అవుట్. మూడో బేస్ మీద శీను జట్టు మనిషి ఉన్నాడు, వాడు ఇంకొక్క బేస్ దాటి లోపలికొస్తే పరుగు, గెలుపు. రావలసింది ఆరో బ్యాటర్ జోయెల్. అతను వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. వచ్చింది ఏడో వాడు శీను. అదీ కుడిచేతి ఆటగాడు, ఎడమచేతి వాళ్ళు నిలబడే గడిలో నిలబడ్డాడు. శీను క్యాచర్, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. మాస్కు, ఛాతీ కవచం, కాళ్ళకి గార్డులు వేసుకుని ఆ ఉక్కలో గంటన్నర పైగా గొంతుక్కూర్చుని లేచిన మనిషి. సముద్రపు తేమ వల్ల ఆ వేళకి గాలి కూడా తడిగుడ్డలా ఉంటుంది. అతని జట్టు వాళ్ళంతా మూడో బేస్ వైపు చూస్తూ అరుస్తున్నారు, ఇతన్ని చూసినవాడు లేడు.

చూసినవాడు ఒక్కడే. అవతలి జట్టు మేనేజర్ నదీం భాయ్. లాహోర్ మనిషి, మరో ప్లాంటులో సేఫ్టీ సూపర్‌వైజర్. చిన్నగా నవ్వి, తన వాళ్ళని చప్పుడు చెయ్యవద్దని వేలితో సైగ చేశాడు. శీను బ్యాటింగ్ అయ్యేదాకా ఆగి ఫిర్యాదు చేస్తే మూడో అవుట్ ఊరికే వస్తుంది. అందులో తప్పేమీ లేదు. నియమం అతని పక్షానే ఉంది.

మొదటి బంతి పడింది. శీను కదలలేదు. స్ట్రైక్ అని రాశాను. నా పక్కన మా ఆరేళ్ళ అన్విత రంగు పెన్సిళ్ళతో తన సొంత స్కోరు రాసుకుంటోంది. రెండో బంతి అతని మోకాళ్ళ ముందు నుంచి పోయింది, తల కూడా తిప్పలేదు. ఈ రెండు బంతులసేపూ నేను నోరు మూసుకున్నాను. అది ఇప్పటికీ నా మనసులో ఉంది. మా ఆయన నన్ను "నువ్వు అరచేతిలో థర్మామీటరుతో పుట్టావే" అని ఏడిపిస్తూ ఉంటారు. పిల్లల నుదురు రోజుకి అయిదుసార్లు ముట్టుకుని చూసే మనిషిని. ఈసారి కూడా నా పిచ్చి భయమేనేమో అనుకున్నాను.

మూడో బంతికి, విసిరే పిచ్చర్ చెయ్యి ఎత్తుతుండగా నేను లేచి నిలబడ్డాను. క్రికెట్ స్కోరర్లు అంపైర్‌కి చెయ్యి ఎత్తినట్టు ఎత్తి, "టైమ్!" అని అరిచాను. ఆ వెంటనే తెలుగులో, "శీనూ! వరస నీది కాదు, జోయెల్‌ది! వచ్చి కూర్చో!" ఒంట్లో బాగాలేదంటే వినడని తెలుసు, వరస అంటే వింటాడనుకున్నాను.

అంపైర్ రామోన్ ఆట ఆపాడు. నదీం భాయ్‌కి తెలుగు రాకపోయినా జోయెల్ అన్న ముక్క చాలు.

"భాభీ! యే క్యా కర్ రహీ హైఁ ఆప్? స్కోరర్ బోల్తా నహీఁ!" అంటూ చేతులూపుకుంటూ నా మీదికి వచ్చాడు. స్కోరర్ మాట్లాడకూడదని అతను నాకు చెప్పాలా?

శీను నా వైపు తిరిగాడు. "అమ్మా, బస్ వచ్చిందా?" అన్నాడు. అంతే, మోకాళ్ళ మీద కూలిపోయాడు.

నదీం భాయ్ తిట్టు సగంలో ఆపి అటే పరుగెత్తాడు. ఎవరో శీనుని కారులో వెయ్యబోతుంటే అడ్డుపడ్డాడు. "పహ్‌లే ఠండా, ఫిర్ హాస్పిటల్!" ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రి. వాళ్ళ ప్లాంటులో వడదెబ్బకి అదే పద్ధతి. పిచ్చర్ నిలబడే దిబ్బ మీద కప్పే టార్పాలిన్ తెప్పించి, కవచాలు విప్పి శీనుని అందులో పడుకోబెట్టాడు. రెండు జట్ల వాళ్ళూ చుట్టూ అంచులు ఎత్తి పట్టుకున్నారు. రెండు జట్ల పెట్టెల్లోని ఐసూ నీళ్ళూ అందులో గుమ్మరించారు. నేను తల నీళ్ళలో మునగకుండా పట్టుకున్నాను. ఒళ్ళంతా చెమటతో తడిసే ఉంది, కానీ మెడ మాత్రం పెనంలా కాలుతోంది. అంబులెన్సు వచ్చేసరికి పళ్ళు కటకటలాడిస్తూ, "సలి పెడ్తున్నది, తియ్యండ్రా నన్ను" అన్నాడు. అంత మంచి తిట్టు నేను ఎప్పుడూ వినలేదు.

అంబులెన్సు వెళ్ళాక నదీం భాయ్ చొక్కా పిండుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. అభ్యంతరం ఉంటే మేనేజర్ గ్రౌండ్ వదలకముందే అంపైర్‌కి చెప్పి, స్కోరు పుస్తకంలో సంతకం పెట్టాలి. "భాభీ, నారాజ్ మత్ హోనా. రూల్ రూల్ హై" అన్నాడు, కోపం తెచ్చుకోవద్దని. పుస్తకం అతని వైపు తిప్పాను. అతని సంతకం కింద, స్కోరర్ నియమం తప్పి వరస బయటపెట్టిందని నా చేత్తోనే రాసి నేనూ సంతకం చేశాను. అతని చేతి తడికి ఆ పేజీ ఒక మూల ఉబ్బిపోయింది.

తర్వాతి వారం కమిటీ కూర్చుంది. ఆ ఇన్నింగ్స్ రద్దు చేసి మళ్ళీ ఆడించారు, శీను జట్టు ఓడిపోయింది. నన్ను రెండు ఆటలకి కుర్చీ నుంచి తప్పించారు. అదే తీర్మానంలో ఇంకో వాక్యం కూడా చేర్చారు: ఆటగాడి ఆరోగ్యం మీద అనుమానం వస్తే స్కోరర్ చెయ్యి ఎత్తి ఆట ఆపవచ్చు. ఆ వాక్యం ప్రతిపాదించింది నదీం భాయేనని మెర్సీ ఆంటీ చెప్పింది.

అంతకుముందే, ఆట అయిన రెండు రోజులకి ఆసుపత్రికి వెళ్ళాం. గ్రౌండ్‌లోనే చల్లబరచడం వల్ల గండం గడిచిందని డాక్టరు చెప్పారు. శీను మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అక్కా, నా గడిల ఏం రాసినవ్?"

"ఖాళీగా వదిలేశాను."

"ఖాళీనా? రెండు బాల్స్ ఆడిన గద!"

"ఆడలేదు, ఊరికే నిలబడ్డావు. అవి జోయెల్ లెక్కలోకి పోయాయి."

"ఐదేండ్ల సంది మంచిగ రాయి మంచిగ రాయి అంటే, ఆఖరికి గడే ఖాళీ పెట్టినవా!" అని నర్సు వచ్చి కసిరేదాకా నవ్వాడు.

ఇప్పుడు మా ఆయనకి సౌదీలోనే అవతలి ఒడ్డున ఉన్న యాన్బుకి బదిలీ అయింది. ఇక్కడ మా చుట్టుపక్కల ఎవరూ బేస్‌బాల్ ఆడరు, నా ఉద్యోగం అక్కడితో ముగిసింది. పిల్లలు పడుకున్నాక, మరచిపోకముందే ఇది రాసుకుంటున్నాను. నాకు ఆ కుర్చీ ఇచ్చిన ఆవిడకీ, నా మీద ఫిర్యాదు రాసిన ఆయనకీ నేను రుణపడి ఉన్నాను.

ఇంకొక్కటి రాయాలి. ఆట మర్నాడు శనివారం, బడి లేదు. ఉప్మా ముందు కూర్చుని అన్విత అడిగింది: "అమ్మా, స్కోరర్ మాట్లాడకూడదు కదా. నువ్వు తప్పు చేశావా?" నాలుగేళ్ళ మా వాడు, "శీను మామ లేచాడా?" అన్నాడు.

లేచాడు, పొద్దున్నే టీ అడిగాడట, అని వాడికి చెప్పాను. అన్వితకి చెప్పింది ఇది: "అవును, తప్పే చేశాను. చేశానని పుస్తకంలో రాశాను కూడా. ఎవరైనా వరస తప్పితే చూసి ఊరుకోవాలి. మనిషికే ఏదో అవుతుంటే ముందు అరవాలి, తర్వాత రాసుకోవచ్చు."

"ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"రోజూ అనే మాట ఆ రోజు అనకపోతే."