అద్దంకిలో మనవాళ్లు

చీరాల నుంచి దర్శికి మీరెప్పుడైనా కారులో వెళ్లదలుచుకుంటే ముందు వెనకద్దం చూసుకోండి. ఇంజనాయిలు తర్వాత చూసుకోవచ్చు.

మా అన్నయ్య కూతురు లావణ్య పెళ్లి దర్శిలో. ముహూర్తం పగలు పదకొండూ నలభైకి. మధుపర్కాలు నేనే తెస్తానని ఎప్పుడో మాటిచ్చాను. తాళి కట్టే ముందు పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కట్టుకునే ఎర్రంచు తెల్లబట్టలు అవి. ఏ బట్టల కొట్లోనైనా దొరుకుతాయి, కాదనను. కానీ మేం చీరాల నేతవాళ్లం. మా మేనకోడలు మిల్లు బట్ట కట్టుకుని పీటల మీద కూర్చుంటే ఎవరూరుకున్నా నేనూరుకోను. “అత్తా, నువ్వు తెచ్చినవే కట్టుకుంటా” అని ఆ పిల్లా అంది. మా వదిన మాత్రం, “ఎందుకైనా మంచిది, ఒక జత కొని ఉంచుతాలే” అంది. ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మగ్గం మీంచి బట్ట దిగేసరికి పెళ్లి ముందురోజు చీకటి పడింది. మిగతా చుట్టాలంతా అప్పటికే దర్శి చేరిపోయారు. మా ఆయనా నేనూ తెల్లారి ఏడింటికి బయల్దేరాం.

కారు మా ఆయనది. దాని వెనకద్దం నిండా అతికించిన స్టిక్కర్లో ఒక పార్టీ నాయకుడు చేతులు జోడించి నవ్వుతుంటాడు. ఆ నాయకుడికి మా ఆయనెవరో తెలీదు. మా ఆయనకి మాత్రం ఆయన ఇంట్లో మనిషి. వెనకొచ్చే లారీ కనపడదు కదండీ అంటే, “ఆయన చూసుకుంటాడులే” అంటారు.

ఇంకొల్లులో ఆగి ఇడ్లీ తిన్నాం. అల్లం పచ్చడి బాగుంది, ఆ దారిన వెళ్తే తినండి. ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మా ఆయన గాలి కోసం అద్దాలు దించారు. అద్దంకి దాకా ఇద్దరం పోటీపడి దగ్గాం. ఎనిమిదిన్నరకి ఊళ్లోకి వచ్చామో లేదో కారు ఒక్కసారి ఒణికి ఆగిపోయింది. తాళం తిప్పితే చప్పుడే లేదు.

చూస్తే సరిగ్గా ఎదురుగా మెకానిక్ షెడ్డు! దేవుడున్నాడనుకున్నాను. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ మంచిగానే వచ్చాడు. కారు చుట్టూ తిరిగి వెనకద్దం దగ్గర ఆగాడు. “చేతినిండా పనుందండి. సాయంత్రం చూద్దాం” అని వెనక్కి వెళ్లిపోయాడు. షెడ్డులో ఉన్నదల్లా ఒక పాత స్కూటరు, గోడ మీద అవతలి పార్టీ నాయకుడి క్యాలెండరు.

“చూశావా, మనమంటే ఎంత భయమో!” అన్నారు మా ఆయన.

“ఆ భయంతోనే దర్శి దాకా తోసుకెళ్దామా?” అన్నాను.

ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశారు. అరగంటకి బుల్లెట్టు మీద తెల్లచొక్కాలో ఒక పెద్దమనిషి దిగాడు, వెనక ఇద్దరు అనుచరులు. పేరు వెంకట్రావుట, ఆ ఊళ్లో మా ఆయన పార్టీకి పెద్ద. “మనవాళ్లకి కష్టమొస్తే చూస్తూ ఊరుకుంటామా బావగారూ!” అని మా ఆయన్ని కావలించుకున్నాడు. పుట్టాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూడ్డం అదే మొదలు.

“బాబ్బాబూ, ఎదురుగానే షెడ్డుంది. మీరొక్క మాట చెప్తే చాలు” అన్నాను.

“వాడు వాళ్లవాడమ్మా! వాడి చెయ్యి మన బండి మీద పడనిస్తామా? మన మెకానిక్ ఉన్నాడు.”

“ఎక్కడున్నాడు?”

“మార్టూరులో.”

అంటే ఇంకో ఊరు. వాడొచ్చేలోగా కాఫీ తాగుదురుగాని రమ్మని వెంకట్రావు తన ఇంటికి తీసుకెళ్లాడు. కాఫీ అన్నది పెసరట్టు, ఉప్మా అయింది. అబద్ధమెందుకు చెప్పాలి, పెసరట్టు చాలా బాగుంది. తర్వాత పార్టీ సంగతులు. మా ఆయన జన్మలో చూడని జనం గురించి ఆవేశంగా మాట్లాడారు. మార్టూరుకి ఫోన్ చేస్తే “బయల్దేరుతున్నా” అంటాడు, ఎన్నిసార్లు చేసినా అదే మాట.

“ముహూర్తం దాటిపోతుందండీ” అన్నాను.

“ముహూర్తం ఎక్కడికి పోద్దమ్మా, మనవాళ్ల పెళ్లేగా!” అన్నాడు వెంకట్రావు. మా ఆయన దానికి నవ్వారు కూడా.

అంతలో శాలువా వచ్చింది. కారు చెడిపోయినందుకు మనిషికి సన్మానం చేయడం నేనెక్కడా చూడలేదు. మా ఆయన భుజాల మీద కప్పి ఫొటో తీశారు. వెంకట్రావు కళ్లు మూసుకున్నాడని మళ్లీ తీశారు. గోడ గడియారం పది దాటింది. మా వదిన కొన్న జత పళ్లెంలో పెడుతున్నట్టూ, లావణ్య గుమ్మం వైపు చూస్తున్నట్టూ అనిపించి లేచి నిలబడ్డాను.

“ఏవండీ, లేవండి. బస్సుకి పోదాం.”

“ఇంత మర్యాద చేస్తుంటే మధ్యలో లేచిపోతే బాగుంటుందా? కూర్చో” అన్నారాయన.

కూర్చోలేదు. మధుపర్కాల సంచీ తీసుకుని బస్టాండుకి నడిచాను. వెనక నుంచి మూడో ఫొటోకి నవ్వమంటున్న మాట వినపడింది.

దర్శి బస్సు కదలబోతుంటే ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు కొట్టిచ్చింది. నా పక్కన ముండ్లమూరు దగ్గర మిరపకాయలు కొయ్యడానికెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు.

“ఏందమ్మా, పట్టుచీర కట్టి ఏడస్తన్నావు?” అంది ఒకామె.

జరిగిందంతా చెప్పాను.

“మొగుణ్ణి వదిలేసి గుడ్డలు తెచ్చుకున్నావు. తెలివిగలదానివే” అంది. రెండో ఆమె మధుపర్కాలు చూపించమంది. చూపిస్తే చేతులు వెనక్కి పెట్టేసుకుంది. “మా చేతులకి మిరప మంటుంటది. పెళ్లికూతురు ఒళ్లు మండుద్ది, నువ్వే పట్టుకో” అని కళ్లతోనే అంచు పొడుగంతా చూసింది. దిగేటప్పుడు సీటంతా నాకిచ్చి, బట్ట నలక్కుండా పరుచుకోమంది.

మండపం చేరేసరికి మేళం గట్టిగా వాయిస్తున్నారు. జీలకర్రా బెల్లం అయిపోయింది. వదిన కొన్న జత పళ్లెంలోనే ఉంది, ప్లాస్టిక్ కవరు సగం చింపారు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి నావి దాని మీద పెట్టాను. లావణ్య నన్ను చూసి నవ్వేసింది, వెంటనే నా వెనక్కి చూసింది.

“మామయ్యేడి?”

“కారు దగ్గర” అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఆ పిల్ల మా బట్ట కట్టుకుని పీటల మీదకొచ్చింది. తాళి పడుతుంటే నాకు ఏడుపాగలేదు. వదిన పక్కకొచ్చి ఫోను చూపించింది. “అన్నయ్యగారు గ్రూపులో పెట్టారు, చూశావా?” శాలువాతో మా ఆయన, పక్కన వెంకట్రావు, ఒక చివర బయటికెళ్లిపోతున్న నా మోచెయ్యి. కింద రాత: దారిలో చిక్కుకున్న కార్యకర్త కుటుంబాన్ని సకాలంలో పెళ్లికి చేర్చిన మన నాయకుడు.

మా ఆయన నాలుగింటికొచ్చారు. అప్పటికి వంట గుండిగలు కడుగుతున్నారు, లావణ్య అత్తవారి కారెక్కి వెళ్లిపోయింది. బ్యాటరీ తీగ ఊడిందట. మార్టూరు మెకానిక్ వచ్చి దాన్ని నొక్కి పెట్టాడట, అంతే. ఖాళీ కుర్చీల మధ్య ఆయన కాసేపు నిలబడి, తర్వాత శాలువా మడిచి కారులో పెట్టారు.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. అద్దంకి మంచి ఊరేనండి. తిండికీ మర్యాదకీ లోటు లేదు. మనవాళ్లు దొరక్కుండా దాటితే చాలు. బస్టాండు దాటాం.

“లావణ్య చిన్నప్పుడు నా భుజం దిగేది కాదు. అక్షింతలైనా వెయ్యలేకపోయాను” అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నాకు జాలేసింది. కోపం కూడా అలాగే ఉంది.

“సీమంతానికి వేద్దురుగానిలెండి. బస్సులో వెళ్దాం. మీ టికెట్టు నేను తీస్తాను” అన్నాను.