నేను క్లియర్ కలిపిన ట్యాంకు

తోట పని మానేశాక నాకు దారి చూపించింది మా వీధి పిల్ల. ఆమె భర్త నూజివీడులో, మైలవరం రోడ్డు పక్కన బండ్లకు రంగులు వేసే షెడ్డు నడుపుతాడు; అక్కడ మేస్త్రి అతనే. ఏళ్ల తరబడి మామిడి కోతకు వెళ్లిన నా చేతులు, సొన తగిలితే చాలు, పుండ్లు పడడం మొదలుపెట్టాయి. ఇక తోట వైపు వెళ్లొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఏం చేయాలో తోచక గడప మీద కూర్చుని ఉంటే ఆ పిల్ల వచ్చి, "మా షెడ్డులో రుద్దుడు పనుంది, వస్తావా పిన్నీ?" అని అడిగింది. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.

రుద్దుడంటే పాత రంగు మీద నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో నునుపు చేయడం. బండ్లు ఎక్కువ వస్తేనే ఆ పని. రంగు కలపడం వచ్చిన మనిషికి మాత్రం ఏడాది పొడవునా పని ఉంటుంది. తోటకు వెళ్లలేని నాకు కావలసింది అదే. కానీ కలపాలంటే డబ్బా మీద ఉన్నది చదవాలి. నాకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు.

ఆ పిల్ల డబ్బాలన్నిటికీ తెల్ల టేపు అంటించి, వాటి పేర్లు, పాళ్లు తెలుగులో రాసింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది. అందరూ అ, ఆలతో మొదలుపెడతారు. నేను ప్రైమర్, థిన్నర్‌లతో మొదలుపెట్టాను. చదువుతో పాటే పనీ తెలిసింది. ప్రైమర్ రేకునూ రంగునూ కలిపి పట్టి ఉంచుతుంది. దాని మీద రంగు. రంగు మీద క్లియర్, అంటే రంగులేని పూత. మెరుపంతా క్లియర్‌దే, ఎండావానా కాచుకునేదీ అదే. మా షెడ్డులో వాడే రంగుకు పలచన చేసే థిన్నర్ ఒక్కటీ చాలు. క్లియర్‌కు హార్డ్‌నర్ కలిపితేనే గట్టిపడుతుంది. గీతలున్న కప్పులో క్లియర్ రెండు పాళ్లు, హార్డ్‌నర్ ఒక పాలు, ఆ పైన కొంచెం థిన్నర్. ఆవకాయలో ఉప్పు తగ్గితే మూడోనాడు తిరగగలిపేటప్పుడు వేసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. హార్డ్‌నర్ తగ్గితే క్లియర్ సరిగా ఆరదు, ఎక్కువైతే పెళుసెక్కుతుంది. కలిపినది దాచుకోవడానికీ ఉండదు, కాసేపటికి కప్పులోనే బిగుసుకుపోతుంది.

నన్ను మొదటిసారి క్లియర్ కలపమన్నది ఆగిరిపల్లి నుంచి వచ్చిన ఒక బైకు ట్యాంకుకి. టేపు మీది మాటలు కూడబలుక్కుని చదివి, గీత దాటకుండా పోసి, కలియబెట్టి, వడకట్టి ఇచ్చాను. మేస్త్రి దాన్ని రంగు చల్లే గన్నుతో కొట్టాడు. చూస్తూ ఉండగానే ట్యాంకు మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి, దుమ్ములో తొలి చినుకులు పడ్డట్టు.

"ఏం కలిపావు పిన్నీ?" అన్నాడు మేస్త్రి.

"డబ్బా మీద చూసే పోశాను బాబూ."

"చూసి పోశావా, చదివి పోశావా? రేపట్నుంచి మళ్లీ రుద్దుడికే కూర్చో. కలపడం సంగతి నేను చూసుకుంటాలే."

చదివానన్న నమ్మకం నాకే సడలింది. ఆ పిల్ల మాత్రం ఊరుకోలేదు. "ఆగవయ్యా, అప్పుడే తీర్పు చెప్పేస్తావేంటి? పిన్నీ, వాడిన డబ్బాలు ఇటు పట్రా. గట్టిగా చదువు."

చదివాను. ఒక్క మాటా తప్పు పోలేదు. అప్పుడు ఆమె కప్పులో మిగిలిన క్లియర్‌ను పక్కనున్న పాత రేకు మీద కొట్టమంది. మేస్త్రి గొణుక్కుంటూనే కొట్టాడు. రేకు మీద ఒక్క గుంట లేదు, అద్దంలా పరుచుకుంది.

మేస్త్రి ట్యాంకు దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. గుంటలన్నీ ఒక వైపునే, అరచేయి మేర ఉన్నాయి.

"ఇక్కడ చెయ్యి పెట్టావా?"

పెట్టాను. క్లియర్ కొట్టేముందు, దుమ్ము ఉంటే చేతికి తెలియాలని గ్లవుజు తీసి, కోసిన కాయను తుడిచినట్టు ఒక్కసారి తుడిచాను. అతను నా చెయ్యి పట్టుకుని వాసన చూసి నవ్వేశాడు. "కొబ్బరినూనె! ట్యాంకుకి తలంటు పోశావా పిన్నీ?"

"కోతకు వెళ్లేముందు నూనె రాసుకోకపోతే సొనకు చర్మం లేచిపోతుంది బాబూ. పొద్దున్నే అలా రాసుకోవడం అలవాటైపోయింది."

"నూనె ఉన్నచోట క్లియర్ నిలవదు, పక్కకు జరిగిపోతుంది. ఈ సంగతి నేను చెప్పలేదుగా," అన్నాడు.

"ఎందుకు చెప్తావు? అరవడానికే నీకు టైము చాలట్లేదు," అంది ఆ పిల్ల.

ట్యాంకు ఆరాక మళ్లీ రుద్దాను. ఈసారి సబ్బుతో చేతులు కడుక్కుని గ్లవుజులు తొడుక్కున్నాను. మేస్త్రి రంగు మళ్లీ వేసి, అది ఆరాక కప్పు నా చేతికిచ్చాడు. పక్కన నిలబడి చూస్తాడనుకున్నాను. అతను గన్ను కడగడానికి బయటికి వెళ్లిపోయాడు. నేను చదువుకుంటూ పోసి, కలిపి, వడకట్టి తీసుకెళ్లి ఇచ్చాను. గీతల వంక చూడకుండా, ఏమీ అడగకుండా, మొత్తం గన్నులో పోసుకున్నాడు.