మిషను మీద బొట్టు

కొత్త కుట్టుమిషను కొందామని హిందూపురం బజారుకు వెళ్ళిన రోజు నేను చూపించిన దర్జా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంగడాయన ఒక్కో మిషను ముందు పెడుతుంటే బాబిన్ తీసి చూశాను, చక్రం తిప్పి చూశాను. మోటారు ఆడించమని, "ఇది పిండిమిషను మాదిరి మొత్తుకుంటాండాది, ఇంకోటి చూపీప్పా" అన్నాను.

"టైలరమ్మా మీరు?" అని అడిగాడాయన.

"కాదప్పా, ఇంటి మటుకే కుట్టుకుంటా" అన్నాను, ఊళ్ళో టైలర్లందరూ నా దగ్గరే పని నేర్చుకున్నట్టు.

నా పాత కాలిమిషను బాగానే ఉంది. బాగాలేనివి నా మోకాళ్ళు. అవి ఎలాగో ఓర్చుకునేవే గానీ, పెనుకొండలో ఉండే నా తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. తలంబ్రాల చీర ధర్మవరంలో చెప్పి మరీ నేయించారు. మీగడ రంగు పట్టు, ఎర్ర అంచు, రవిక గుడ్డ చీరతో పాటే నేసింది. ఆ రవిక అత్తే కుట్టాలని పాప పట్టుబట్టింది. ఊయలలో వేసుకున్న చొక్కా దగ్గర్నుంచి దానికి నేనే కుట్టాను. అంత మంచి పట్టు మీద నొప్పికాళ్ళతో కుట్టు వంకర పోతే ఎలా? అందుకే మోటారు మిషను.

అంగడాయన మిషనును ఆటోలోకి ఎక్కిస్తూ, "పూజ చేసుకోని మొదలుపెట్టమ్మా" అని ఒక నిమ్మకాయ కూడా చేతిలో పెట్టాడు. నా నుదురు చూడలేదో, చూసినా పట్టించుకోలేదో. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి పట్టుకుని నన్నెవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనే ధైర్యం మా వాళ్ళలో ఎవరికీ లేదు, నా నోరు అలాంటిది.

అట్లాంటి నేను, మిషను ఇంట్లో దిగాక, కుంకుమ భరిణె ఎదురుగా పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. చెయ్యి ముందుకు పోలేదు. పెళ్ళికూతురి రవిక కుట్టబోయే మిషను, నా చేత్తో ఎందుకులే అనుకున్నాను. లేచి వెళ్ళి పక్కింటామెను పిలిచాను.

ఆమె నాకంటే చిన్నది, మంచి మనిషి. "అయ్యో, నీ మిషనుకు నేనెందుకక్కా? నువ్వే పెట్టుకోరాదా?" అంది.

"నీ చేత్తో పెట్టమ్మా. శుభకార్యం" అన్నాను.

"శుభకార్యమైతే ఏమిప్పుడు?" అంది ఆమె. నేను వినలేదు. భరిణె ఆమె చేతిలో పెట్టి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. నా ఇల్లు, నా మిషను, నేనేమో వాకిట్లో. ఎవరైనా పొమ్మంటే పోట్లాడి ఉండేదాన్ని. పొమ్మన్నది నేనే కాబట్టి పోట్లాడటానికి మనిషి దొరకలేదు.

ఆమె ఏం చేసినా తక్కువ చేయదు. చక్రానికి, మోటారుకు, మిషను నెత్తిన, ఆఖరికి సూది దిగే రేకు పక్కన కూడా అమ్మవారికి పెట్టినట్టు కుంకుమ దిద్దింది. కొత్త మిషనంటే నూనెలో ముంచి తీసినట్టుంటుంది. సూది పక్కన కుంకుమ ఉంటే ఏమవుతుందో కుట్టేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్క గుడ్డపేలికతో తుడిచేస్తే సరిపోయేది.

పేలిక చేతిలోకి తీసుకున్నాను కూడా. తుడవలేకపోయాను. బొట్టు తుడవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నా నుదుటి మీద తుడిచిన చేతులు ఎవరివో కూడా గుర్తుంది. ఇనుముకు పెట్టిన బొట్టే అయినా, ఆ పని నా చేత కాలేదు. పైపైన ఉన్న పొడి ఊది, పాతగుడ్డ మీద ఆడించి చూశాను. కుట్టు ముత్యాల్లా పడింది. మచ్చ పడలేదు. నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

మర్నాడు రవిక మీద కూర్చున్నాను. చేతులకు అంచు అతికాను, ముందు భాగాలు కుదిరాయి. మోటారు వేడెక్కినట్టుంది, రేకు సందులోకి దిగిన కుంకుమ నూనెలో కరిగి పైకి ఊరింది. వీపు ముక్క ఎడమ పక్కన కుట్టి బయటికి లాగితే, మీగడ పట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ. నిమ్మరసం రుద్దాను. మచ్చ పోలేదు సరికదా, చుట్టూ గులాబీ రంగు పాకింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మాత్రం మిషను మీద ఉన్న కుంకుమంతా గీకి గీకి తుడిచాను. ఏడుస్తూ తుడిచాను.

ఆ గుడ్డకు మారుగుడ్డ లేదు. రవికను అట్లాగే పూర్తి చేసి, కవర్లో చుట్టుకుని పెనుకొండకు రైలెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే భయం. మచ్చ గురించి కాదు. 'మొగుడు లేనామె చెయ్యి పడింది కదా, అందుకే' అని ఎవరైనా అనుకుంటారని. అందరికంటే ముందు నేనే అనుకున్నాను, అదీ నా బతుకు.

మరదలు రవిక విప్పి చూసింది. "పోనీలే వదినా, వేరే గుడ్డ తీసుకోని కుట్టిద్దాం" అని మడిచింది. ఆ మెత్తదనానికి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పాప మాత్రం తల్లి చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"ఎట్లా పడిందత్తా?"

చెప్పాను. నేను పక్కింటామెను పిలవడం, వాకిట్లో నిలబడటం, బొట్టు తుడవలేకపోవడం, అన్నీ.

పాప కోపంతో ఎర్రబడింది. "నీ మిషనుకు నువ్వు బొట్టు పెట్టుకోలేకపోయినావా? ఊరందరికీ బుద్ధులు చెప్తావే! ఆ మచ్చ ఎవురి చేతిది? నీదా?"

మచ్చ పెట్టింది నిండు ముత్తైదువ చెయ్యి. అంత సులువైన సంగతి ఇరవై దాటని పిల్ల చెప్పేదాకా నాకు తట్టలేదు.

"ఈ రవికే వేసుకుంటా. పైట కప్పుతుందిలే" అంది పాప.

పెళ్ళి ధర్మవరంలో, కల్యాణ మండపంలో. నేను అలవాటుగా భోజనాల తలుపు దగ్గర ఆఖరి వరసలో కుర్చీ చూసుకున్నాను. వడ్డన వాళ్ళను చూసుకోవాలని అందరికీ చెప్పాను. జీలకర్ర బెల్లం అయింది. తాళి పళ్ళెం అందరి చేత తాకించుకు వస్తుంటే, అది నా వరస దాకా రాకముందే లేచి మంచినీళ్ళ వైపు వెళ్ళబోయాను.

"అత్తా!"

పెళ్ళికూతురు మంటపం మీద నుంచి అరిచింది. అయ్యవారు మంత్రం ఆపారు. "వెనక హుక్కు ఊడింది. సూదీ దారం తీసుకోని రా!"

జనమంతా నా వైపు తిరిగారు. "మీ అమ్మ ఆడనే ఉండాది కదా, పెడుతుందిలే" అన్నాను.

"కుట్టింది మా అమ్మా? నువ్వు రా."

"బిన్నా రాండమ్మా, ముహూర్తం దాటిపోతాది" అన్నారు అయ్యవారు. సంచిలో సూది ఎప్పుడూ ఉంటుంది నా దగ్గర. మెట్లెక్కుతుంటే చెవులు మండిపోయాయి. ఎవరి ముఖమూ చూడలేదు. పాప వెనక మోకాళ్ళ మీద కూర్చుని పైట పక్కకు తీశాను.

హుక్కులన్నీ గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు.

"పాపా..." అన్నాను.

పాప తల తిప్పలేదు. "తాళి కట్టేదాకా కుడుతూ ఉండు" అంది మెల్లగా.

గట్టిమేళం మొదలైంది. అక్షింతలు నా నెత్తిన కూడా పడ్డాయి. సిగ్గుతో తల వంచుకుని, దారం ఎక్కించని సూదితో, ఆ ఎర్ర మచ్చ పక్కనే, మేళం ఆగేదాకా కుడుతూనే ఉన్నాను.