బావ బొమ్మ ఇంకా ఆరలే

నా బతుకంత బస్సుల కండక్టర్‌గనే గడిచింది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, మిర్యాలగూడ నుంచి కోదాడ, మళ్ల కోదాడ నుంచి సూర్యాపేట. తాగి ఎక్కినోళ్లను దించిన. సీట్ల కాడ తువ్వాలలు పరిచి కొట్లాడేటోళ్లతోని నేనూ కొట్లాడిన. నోరు పెద్దది నాది, ఎవనికీ భయపడలే. రిటైరై ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టినంక తెలిసింది భయమంటే ఏందో. తెల్లటి కాన్వాస్ ముంగట బ్రష్ పట్టుకొని కూసుంటే ఇప్పటికీ మొదటి గీత వెయ్యనీకి గంట పడుతది. నవ్వకున్రి, నిజమే చెప్తున్న.

ఈ పిచ్చి నాకు మా ఇంటామెనే అంటించింది. రిటైరైన కొత్తల సూర్యాపేటల మా ఇంట్ల కూసొని ప్రతిదానికి అరుస్తుంటే, "ఏమయ్యా, ఇది బస్సు కాదు. ఏదన్న పని నేర్చుకోపో, నా పానం తినకు" అని తరిమింది. చిన్నప్పుడు బొగ్గుతోని గోడల మీద గీసేటోణ్ని, అదొక్కటే నాకు యాదికున్న సంతోషం. కోదాడల ఒక డ్రాయింగ్ మేడం ఉన్నదని తెలిసి పోయిన. బడి నుంచి రిటైరై, మేడ మీద రేకుల గదిల నేర్పిస్తది. "ఏవండీ, బ్రష్షుతో ఎవర్నీ కొట్టట్లేదు కదా మీరు, కాస్త మెల్లగా" అనేది. అరవై దాటినోణ్ని చిన్నపిలగాని లెక్క మందలిస్తుంటే కోపమొచ్చేది గాని, బ్రష్ మెల్లగనే కదిపేటోణ్ని. ఒక కుండ వేసిన, అరటిపండ్లు వేసిన, వానల తడిసిన బస్సు వేసిన. మనిషి మొఖం మాత్రం ముట్టలే. మేడం వెయ్యమన్నా వద్దన్న. కుండ వంకరపోతే కుండ ఏమనుకోదు. మనిషి అట్ల కాదు గద.

ఆయిల్ రంగు గుణం కూడ మేడమే చెప్పింది. "దీనికి తొందర పనికిరాదండీ. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపలంతా పచ్చిగా ఉంటుంది. మందంగా పూస్తే నెలలు పడుతుంది." అప్పుడు విని ఊకున్న.

గా ఎండాకాలం మా బావ పొలం కాడ పడిపోయిండు. బావంటే మా పెద్దక్క పెనిమిటి. వేములపల్లిల వరి పండించుకొని బతికే మనిషి, గొంతెత్తి మాట్లాడంగ ఎవ్వరు వినలే. మిర్యాలగూడ దవాఖానల వేసినం. నోట్లె పైపు, ముక్కుల పైపు, మొఖమంత వాచిపోయింది. అద్దాల తలుపు అవతల నుంచి చూసి, ఈయన మా బావేనా అని నర్సును అడిగిన. అట్లనే పోయిండు, ఆ మొఖంతోనే.

ఇంటికి తెచ్చి దహనం చేసినంక, దినాలకు ఫోటో కావాలె గద. బావకు ఫోటోల అలవాటు లేదు. ఎవరో పెండ్లిల గుంపుల నిలబడ్డ ఫోటో ఒకటి దొరికింది, అదీ సగం మొఖం. మా మేనల్లుడు దాన్ని పట్నం స్టూడియోల ఇచ్చి పెద్దగ చేయించిండు. స్టూడియో ఆయన తన తెలివంత పెట్టి, బావకు నల్లకోటు తొడిగి, ఎర్ర టై కట్టి, వెనుక నీలిరంగు పోసి, మొఖం పాలల్ల ముంచి తీసినట్టు తెల్లగ చేసి పంపిండు. అక్క దాన్ని చూసి, "ఈ సూటోడెవడ్రా?" అన్నది. అంత దుఃఖంల కూడ అందరికి నవ్వొచ్చింది. తర్వాత అక్క ఒక్కతే ఏడ్సుకుంట పెరట్లకు పోయింది.

నేను వెంట పోయిన. బాయి గడ్డ మీద కూసొని ఉన్నది.

"తమ్మీ, కండ్లు మూస్తే దవాఖానల మొఖమే వస్తున్నదిరా. వాచిన మొఖం, పైపులున్న మొఖం. ఆయన అసలు మొఖం ఎంత తెచ్చుకుందమన్నా వస్తలేదు. ఇన్నేండ్లు సంసారం జేసి మర్సిపోయిన్నా ఏంది? నాకు భయమైతున్నది."

"మర్సిపోలేదక్కా, కొత్త గద" అన్న.

"నువ్వు బొమ్మలేస్తున్నవ్ గద. పెద్దదినం నాటికి ఆయన మొఖం నాకు తెచ్చియ్యి."

సరేనని తలూపిన. నేను వేసిన మొఖం తప్పుపోతే, అక్క కండ్లల్ల ఇగ ఆ తప్పు మొఖమే నిలబడిపోతది. దవాఖాన మొఖం ఒకటి, నేను వేసిన మొఖం ఒకటి, రెండింటి నడుమ బావ శాశ్వతంగ పోతడు. సూర్యాపేటకు తిరిగొచ్చే బస్సుల ఇదే ఆలోచన.

మేడంకు ఫోన్ చేసిన. "వద్దండీ, దినం నాటికి ఆయిల్ ఆరదు. పెన్సిల్‌తో గీసివ్వండి" అన్నది. పెన్సిల్‌తోని నేను గీస్తే అది బావ కాదు, గుమ్మడికాయ అయితది. నాకు కొద్దో గొప్పో చేతికొచ్చింది ఆయిల్ ఒక్కటే.

మొదలుపెట్టిన. తిండి సయించలే, నిద్ర పట్టలే. ఆ పెండ్లి ఫోటో పక్కన పెట్టుకున్న గాని, సగం మొఖం నేను యాదికి తెచ్చుకొనే వెయ్యాలె. చెంపలు వేసిన, పెదవులు వేసిన, కండ్లు వేసిన. మా ఆమె చాయ్ తీసుకొచ్చి బొమ్మ దిక్కు చూసింది. చూసి గ్లాసు కింద పెట్టింది.

"ఏమయ్యా, ఇది దవాఖానల అన్నయ్య గద."

నేను రెండడుగులు వెనుకకేసి చూసిన. నిజమే. చెంపలు వాచి ఉన్నయి, కండ్లు సగం మూసుకొని ఉన్నయి. అక్క ఏ మొఖం చూసి భయపడుతున్నదో అదే మొఖాన్ని నా చేతులతోని వేసిన. అక్కకొక్కదానికే కాదు, నాకు గూడ బావ అసలు మొఖం పోయిందని అప్పుడర్థమైంది.

గీకెయ్యాలె. రంగు కలిపే కత్తి తీసుకొని బావ చెంప మీద పెట్టిన. ఒక్క గీకు గీకంగనే రంగు ముద్దగ ఊడొచ్చింది. "మాఫ్ చెయ్యి బావా, మాఫ్ చెయ్యి" అనుకుంట గీకిన. మా ఆమె అవతలికి పోయింది, ఆమె గూడ చూడలేకపోయింది. గీకినంక కాన్వాస్ మీద మురికి మరక ఒకటి మిగిలింది.

మర్నాడు దాని ముంగట ఉత్తగ కూసున్న. మా ఆమె వంటింట్ల నుంచే అన్నది: "దినామూ ఫోటో దిక్కు చూస్తే ఏమొస్తది? నువ్వు బస్సుల అరుస్తుంటే అన్నయ్య నీ దిక్కు ఎట్ల చూసేటోడు, అది వెయ్యి."

ఓరి నాయనా అనుకున్న. బావ నా బస్సు ఎక్కిండంటే ముందు సీటే. నేను ఎవని మీదనో ఎగురుతుంటే, నవ్వు బయటికి రాకుండ పెదవులు గట్టిగ బిగపట్టుకొని కిటికీ దిక్కు తిరిగేటోడు. కండ్లు మాత్రం ఓరగ నా మీదనే ఉండేటియి. నాకు ఇంకింత కోపం లేసేది. ఆ బిగపట్టిన పెదవులు, ఆ ఓర చూపు, మెడ మీద తువ్వాల. వేసుకుంట పోయిన. భయం పోలే గాని, భయంతోనే చెయ్యి నడిచింది. నమ్మకం చాలక పూత మీద పూత పూసిన. నొసలు కాడ నిగ్గు సరిగ రాక అన్నిటికంటె మందం అక్కడనే పడ్డది.

ఫ్యాన్ కింద పెట్టిన. కిటికీ కాడ పెట్టిన. పొద్దున లేవంగనే అంచు మీద వేలు పెట్టి చూసేటోణ్ని, వేలికి అంటుకునేది. పెద్దదినం రానే వచ్చింది. నొసలు వెన్నముద్ద లెక్కనే ఉన్నది.

టీవీ అట్టడబ్బా ఒకటి సంపాదించి, బొమ్మ ఎటూ తగలకుండ నాలుగు మూలలకు కట్టెముక్కలు కొట్టి, దాన్ని ఒళ్లె పెట్టుకొని మిర్యాలగూడ బస్సెక్కిన. కండక్టర్ కొత్త పిల్ల, "సార్, టీవీనా?" అన్నది. "కాదమ్మా, మా బావ" అన్న. ఆమె గబగబ ముందుకు పోయింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్ల డబ్బాను ఒళ్లె నుంచి పైకెత్తి పట్టుకున్న. లోపల మొఖం అట్టకు తగిలిందా, పెదవి చెరిగిందా, విప్పి చూడనీకి లేదు. మిర్యాలగూడల దిగి ఆటో మాట్లాడుకొని, జర మెల్లగ పో అని బతిమిలాడుకుంట వేములపల్లి చేరిన.

ఇల్లంత చుట్టాలున్నరు. పొద్దున్నే అక్క నొసటి బొట్టు తీసేసిన్రు. బోసి మొఖంతోని గోడకు ఒరిగి కూసున్నది. డబ్బా విప్పి బొమ్మను ఆమె ముంగట నిలబెట్టిన. పాడు కాలే, ఎట్ల బయలుదేరిందో అట్లనే ఉన్నది.

అక్క చూసింది. చాలాసేపు చూసింది. పోయింది, అంతా ఖతం అనుకున్న.

"ఏందట్ల చూస్తవ్?" అన్నది బొమ్మతోని. "నా తమ్ముణ్ని చూసి నవ్వుతున్నవా? ఎప్పుడూ గిదే పని నీకు." అని, కొంగు నోట్లె పెట్టుకొని ఏడ్సింది. నేను గూడ పదిమందిల నిలబడి ఏడ్సిన.

ఆ ఏడుపు ఆగకముందే, బావ వాళ్ల అక్క కుంకుమ పళ్లెం పట్టుకొని వచ్చింది. పెద్దమనిషి, ఇంట్ల ఆమె మాటకు తిరుగులేదు. ఒక వేలికి కుంకుమ అద్దుకొని బొమ్మ నొసటికి చెయ్యి చాపింది.

"ఆగున్రి! ముట్టకున్రి!" అని అరిచిన. పళ్లెం కింద పడబోయింది.

"పచ్చి రంగు వదినె. వేలు పెడితే నొసలు ఊడొస్తది. కుంకుమ రంగుల కలిసిపోతే మళ్ల తియ్యరాదు."

"అయితే బొట్టు పెట్టద్దా? ఇదేం చోద్యం? పోయినోని బొమ్మకు బొట్టు లేకుంటే ఎట్ల? బతికున్నోని లెక్కనే ఉంటది గద!"

అక్క తలెత్తి ఆ పెద్దామె దిక్కు చూసింది, తర్వాత బొమ్మ దిక్కు చూసింది.

"ఆరినంక పెడుదం వదినె" అన్నది. "వేసినోడే చెప్తున్నడు గద."

దండ గూడ వెయ్యలే, రంగుకు తగులుతదని పీట మీద పెట్టిన్రు. అట్ల కార్యం అయిపోయింది.

అప్పటిసంది నాకు కొత్త భయం పట్టుకున్నది. మేనల్లుడు ఫోన్ చేస్తడు, "మామా, ఆరిందా? పెద్దత్త అడుగుతున్నది." "ఇంకా లేదురా" అంట. వానాకాలం పోయింది, లేదన్న. చలికాలం పోయింది, లేదన్న. ఊర్ల గుసగుసలు మొదలైనయి. బొట్టు పెట్టని పోయినోడు ఇల్లు వదలడని ఒకరు, ఆ బొమ్మ కండ్లు వెంబడే తిరుగుతున్నయని ఒకరు. నేను వేసిన బొమ్మ మా అక్క ఇంటికి కీడు తెచ్చేటట్టున్నదేమోనని నాకూ గుబులైతుండె. ఆరిందని చెప్పుడెంత పని? చెప్పిన మరుక్షణం ఆ వేలు నొసటికి పోతది. అక్క ముంగట ఆ వేలు నేను చూడలేను.

సంవత్సరికానికి పోయిన. పెద్దామె కుంకుమ పళ్లెంతోని సిద్ధంగ ఉన్నది. "ఇయ్యాల నువ్వే చూసి చెప్పు. ఆరిందా లేదా?" అని నన్ను బొమ్మ ముంగటికి పంపింది. అందరి చూపు నా వేలు మీదనే.

నొసలు మీద వేలు పెట్టిన. బండ లెక్క గట్టిగ ఉన్నది. బావ పెదవులు బిగపట్టుకొని నా దిక్కే చూస్తున్నడు.

"పచ్చిగనే ఉన్నది" అన్న. నాకే వినబడలేదు ఆ మాట.

అక్క లేసి నా పక్కకు వచ్చింది, తనూ చూస్తున్నట్టు బొమ్మ మీదికి వంగింది. నా చెవుల మెల్లగ అన్నది:

"దినాం తడిబట్టతోని తుడుస్తున్న తమ్మీ, నాకు తెల్వదా? జర గట్టిగ చెప్పు. వదినెకు వినబడలే."