ఎర్ర గీతలో ఏడు వంపులు

"ఇదిగో, ఈ ఎర్ర గీత చూశారా? ఇది పైపు. అంటే, పైపని మేం అనుకుంటున్నది. మీ ఇల్లు ఇక్కడ. మీ కొళాయికి నీళ్ళు ఇందులోంచే రావాలి. కానీ సోమవారం దాకా నన్నేమీ అడక్కండి."

కొళాయి దరఖాస్తు పట్టుకొచ్చినాయన తలూపాడు. ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు. అయినా ఒకసారి కూర్చున్నవాళ్ళు తొందరగా లేవరు.

కంప్యూటర్ తెర మీద గీత చూపిస్తున్నామెను నీళ్ళ ఆఫీసులో అందరూ మ్యాపులమ్మ అంటారు. పంతొమ్మిదేళ్ళ కిందట బిల్లులు టైపు చేయడానికి చేరింది. ఒకరోజు పై ఆఫీసు నుంచి రెండు జీపీఎస్ డబ్బాలు, ఒక సీడీ వచ్చాయి. డబ్బా జేబులో వేసుకుని నడిస్తే రెండు సెకన్లకో చుక్క పెట్టుకుంటుందట. ఆ చుక్కల్ని కంప్యూటర్లోకి దింపితే నడిచిన దారంతా గీతగా కనిపిస్తుందట. ఈ పని ఎవరికి అప్పగించాలా అని ఇంజనీరు గారు గదంతా కలయజూశారు. ప్లగ్గుకు దగ్గరగా ఉన్న బల్ల ఆమెది. అలా ఆ సంగతి తేలిపోయింది.

నేర్పేవాళ్ళు లేరు. మీటలన్నీ ఒక్కోటే నొక్కి చూసింది. దేన్ని నొక్కితే ఏం పోతుందో ముందు తెలిసింది, ఏం వస్తుందో తర్వాత తెలిసింది. మొదటి నెలలో రెండు అంకెలు తారుమారు చేసి, ఒక వీధిని మొత్తంగా తీసుకెళ్ళి సముద్రంలో పెట్టింది. ఆ వీధివాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు. ఇంజనీరు గారు మాత్రం తెర మీదికి వంగి చూసి, "పోనీలే, ఆ వీధికి ఇక నీళ్ళ ఎద్దడి ఉండదు" అని వెళ్ళిపోయారు.

ఇప్పుడామె గీతను చూసి మనిషిని చెప్పేస్తుంది. మనిషి ఒకచోట నిలబడిపోతే డబ్బా ఊరుకోదు, అక్కడక్కడే చుక్కలు పెడుతూ పోతుంది. తెర మీద చూస్తే చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటుంది. మీటర్లు చూసే కుర్రాళ్ళ గీతల్లో అలాంటి ఉండలు రోజుకు నాలుగైదు. ఆమె వాటిని మాట్లాడకుండా చెరిపేస్తుంది. "నా పని దారి గీయడం, చాడీలు చెప్పడం కాదు" అంటుంది.

ఇంట్లోనూ అంతే. ఒకసారి వాళ్ళాయన డాక్టరు చెప్పాడని పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. రోజుకు ఐదు కిలోమీటర్లన్నాడు. ఆమె రెండో డబ్బాను ఆయన చొక్కా జేబులో వేసి పంపింది. వీధి మలుపు దాకా సన్నటి గీత, అక్కడ టీ కొట్టు ముందు ఇంత లావు ఉండ, మళ్ళీ ఇంటిదాకా సన్నటి గీత. సాయంత్రం ఆయనతో ఒక్కటే మాట అంది. "చక్కెర తక్కువ వెయ్యమని చెప్పండి." ఆ తర్వాత ఆయన ఆ డబ్బాను ముట్టుకోలేదు.

"మరి ఈ పైపు సంగతేంటమ్మా?" అన్నాడు దరఖాస్తాయన. ఉండబట్టలేకపోయాడు.

పైపు సంగతి ఇదీ. ఈ పెద్ద పైపు వేసింది ఈ ఆఫీసులో ఉన్నవాళ్ళెవరూ పుట్టకముందు. దాని కాగితాలు చెమ్మకు ముద్దయిపోయాయి. అది భూమిలో ఎక్కడెక్కడ పోతోందో తెలిసిన మనిషి ఒక్కడే, వాల్వులు తిప్పే బాబాయి. సొంత బాబాయి కాదు, ఆఫీసు మొత్తానికి బాబాయే. ముప్ఫై నాలుగేళ్ళుగా పైపు మీదే నడిచాడు. వచ్చే సోమవారం నుంచి కేబులు వాళ్ళు దాని పక్కనే యంత్రంతో తవ్వుతారు. ఆమె ఇచ్చిన కాగితం చూసి, గీతకు మూడడుగులు వదిలి తవ్వుతారు. గీత తప్పయితే యంత్రం పళ్ళు నేరుగా పైపులో దిగుతాయి. ప్రసవాల ఆసుపత్రితో సహా మూడు వీధులకు నాలుగు రోజులు చుక్క నీరుండదు. కాగితం అడుగున సంతకం ఆమెది.

అందుకని బాబాయిని డబ్బాతో మూడు వేర్వేరు రోజులు నడిపించింది. ఒక్కసారే అయితే డబ్బా పొరపాటు పడొచ్చు. మూడుసార్లూ ఒక్కచోటే పొరపాటు పడదు. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, తిన్నగా పోవాల్సిన పైపులో ఏడుచోట్ల వంపులు. మూడింటిలోనూ అవే ఏడు.

"వంపులు చూడ్డానికి బాగాలేవమ్మా," అన్నారు ఇంజనీరు గారు. "నునుపు చేసే మీట ఉందిగా? నొక్కెయ్."

"నొక్కితే గీత నునుపవుతుందండీ. భూమిలో పైపు కూడా అవుతుందా?"

ఆయనకు వేరే ఫైలు గుర్తొచ్చింది.

బాబాయిని పిలిచి తెర చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"ఇది నేను కాదమ్మాయ్. నేను గీత గీసినట్టు నడుస్తాను."

"డబ్బా ఉన్నది మీ జేబులోనే కదా, బాబాయ్."

"అయితే డబ్బాయే నడిచింది."

ఇలా కాదని ఆయన్ని వెంటబెట్టుకుని వీధిలోకి బయల్దేరింది. ఆయన అప్పటికే మోకాలి నొప్పితో కాలు ఈడుస్తున్నాడు. అయినా నోరు ఊరుకోలేదు. ఆపరేషనంటే డాక్టర్లు ఎంత భయపెట్టారో చెబుతూనే ఉన్నాడు. ఇనుప సామాన్ల కొట్టు ముందుకు వచ్చేసరికి, మాట మధ్యలోనే నాలుగడుగులు పక్కకు జరిగి, కొట్టు దాటాక మళ్ళీ దారిలోకి వచ్చాడు.

"ఆగండి. ఇప్పుడెందుకు పక్కకెళ్ళారు?"

"కుక్క ఉంది కదమ్మా!"

"ఏ కుక్క?"

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. గేటు ముందు ఖాళీ నేల. కొట్టాయన లోపలి నుంచి, "అది చచ్చిపోయి ఆరేళ్ళయింది బాబాయ్" అన్నాడు. "మిమ్మల్ని రెండుసార్లు కరిచింది కూడా."

బాబాయి గేటు దాకా వెనక్కి నడిచాడు. తర్వాత భుజానికున్న ఇనుపకడ్డీ దించి, ఒక కొస ఆ ఖాళీ నేల మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టాడు. భూమిలో నీళ్ళు పోతుంటే ఆ కడ్డీలో వినిపిస్తాయి. అందరికీ కాదు, ఆయనకు.

"ఇక్కడే ఉంది," అన్నాడు. "సరిగ్గా అది పడుకునే చోటే. నేల చల్లగా ఉంటుంది కదా. దానికి మాత్రం బాగా తెలుసు."

ఆ రోజే మిగతా చోట్లకూ వెళ్ళారు. ఒక వంపు, ఎప్పుడో కొట్టేసిన చెట్టుది. ఆ కొమ్మ తలకు తగులుతుందని ఆయన ఇప్పటికీ వంగి పక్కకు పోతున్నాడు. ఒకటి, మాటా మాటా అనుకున్న మంగలి షాపుది. ఒకటి, పూడ్చేసిన గుంటది. రెండు మాత్రం నిజంగా పైపువే. వాటిని కడ్డీ ఒప్పుకుంది. ఆమె బల్ల దగ్గరికి వచ్చి కుక్కను, చెట్టును, మంగలిని, గుంటను ఒక్కో చుక్కా ఎంచి చెరిపేసింది. నునుపు మీట జోలికి పోలేదు.

"అంటే ఆరయ్యాయి," అన్నాడు దరఖాస్తాయన. వేళ్ళు మడిచి లెక్కపెడుతూనే విన్నాడు పాపం.

ఏడోది కోతమిల్లు వీధిలో ఉంది, నీలం గేటు ఇంటి ముందు. మామూలు వంపు కాదు, రోడ్డు అవతలి అంచు దాకా పోయి వస్తుంది. పక్కన రంపం రోజంతా కోస్తూనే ఉంటుంది, కడ్డీకి ఏమీ వినిపించలేదు. మిల్లు ఆపాక వద్దామనుకున్నారు. ఈలోగా ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. మోకాలికి ఆపరేషనయి, బాబాయి నాలుగు రోజులుగా ఇంట్లో మంచం మీద ఉన్నాడు. నిన్న ఆమె వెళ్ళి అడిగింది.

"ఏమన్నారు?"

"గుర్తు లేదన్నారు. చెట్టు, కుక్క, మంగలి తిట్టిన తిట్టుతో సహా గుర్తున్నాయి. ఇదొక్కటే గుర్తు లేదట. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు, గోడ వైపు చూశారు. పిన్ని అక్కడే ఆయన కాలికి దిండు సర్దుతోంది. ఆ ఇంట్లో ఎవరుంటారని పిన్నే నన్నడిగింది. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు."

ఆమె మౌసుతో ఏడో వంపును దగ్గరికి లాగింది. తెర నిండా తొమ్మిది చుక్కలు విల్లులా నిలబడ్డాయి. తీసేయడం ఎంతసేపు, ఒక్క నొక్కు. కానీ పైపు నిజంగా అవతలికి పోతోందేమో. ఎవరు చెప్పొచ్చారు?

"మీ దరఖాస్తు ఇక్కడ పెట్టి వెళ్ళండి, నేను చూసుకుంటాను," అంది. "నాకో పని చేసిపెట్టాలి మీరు. మీ వీధి చివర పచ్చ తలుపుల ఇల్లు బాబాయిదే. నేను అడిగితే చెప్పరు, కూతురి లెక్క కదా. ఐదింటికి పిన్ని కూరలకు వెళ్తుంది. అప్పుడెళ్ళండి. ఆ నీలం గేటు ఎవరిదని అడగొద్దు, ఎందుకని అస్సలు అడగొద్దు. కోతమిల్లు వీధిలో గీత తిన్నగా వేసుకోమంటారా అని మ్యాపులమ్మ కనుక్కోమందని చెప్పండి. ఊ అంటే ఊ అని, ఊహూ అంటే ఊహూ అని నాకు ఫోన్ చేయండి. ఆరింటిదాకా కంప్యూటర్ ఆపను."