అరమార్కు సారూ, ఆగని అంబాసిడరూ

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికి లోకంలో విప్పలేని నట్టంటూ ఉండదనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకూ అంతే. మెకానికల్ బ్రాంచిలో నేనొక్కదాన్నే ఆడపిల్లను కావడంతో నా గొప్పకు మా ఊరు చండ్రుగొండ చాలేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పిల్లను పిలిచి, ఇంత మజ్జిగ తాగించి, కాసేపు కదలకుండా కూర్చోబెట్టాలనిపిస్తుంది.

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లలు చాటుగా 'అరమార్కు సారు' అనేవాళ్లు. జవాబు సరిగ్గా వచ్చినా పక్కన సెంటీమీటర్లని రాయకపోతే అరమార్కు కోసేసేవాడు. (నాకూ కోశాడు. అలిగి అన్నం మానేస్తే, 'తిన్నా తినకున్నా సెంటీమీటరు సెంటీమీటరే బిడ్డా' అని తన కంచం ముందుకు లాక్కున్నాడు.) ఆయనకు ప్రాణంతో సమానమైన పాత తెల్ల అంబాసిడర్ ఒకటుండేది. చక్రాలకు బ్రేకు ఆయిల్ తీసుకెళ్లే పైపులు తుప్పుపట్టి కారిపోవడంతో రేకుల షెడ్డులో మూలుగుతూ ఉండేది. మెకానిక్ 'పైపులన్నీ పోయినయ్ సారూ, అమ్మెయ్యుండ్రి' అన్నాడని నాన్న అతనితో మాట్లాడటమే మానేశాడు.

అప్పుడే నాకు పుణె దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నాన్న వద్దన్నాడు. 'గంత దూరం ఎందుకు? బ్యాంకు పరీక్ష రాయి, కొత్తగూడెంల ఉండొచ్చు' అన్నాడు. ఏడ్చాను, అరిచాను, అమ్మతో చెప్పించాను. లాభం లేకపోయింది. చివరికి ఉక్రోషం పట్టలేక, 'నాకు పని రాదనుకుంటున్నవా? నీ బండి పైపులు నేనే మారుస్త, చూడు' అనేశాను. నాన్న లోపలికెళ్లి అమ్మ ముగ్గుపిండి డబ్బా తెచ్చి, గేటు దగ్గర స్కేలు పెట్టినంత తిన్నగా ఒక గీత గీశాడు. షెడ్డు నుంచి గేటు దాకా మా వాకిలి వాలుగా ఉంటుంది. 'షెడ్డు కాడ వదిలితే బండి ఈ గీత లోపట ఆగాలె. ఆగితే పుణె. దాటితే బ్యాంకు పరీక్ష. అరమార్కులు లెవ్వు' అన్నాడు.

ఫోన్లో వీడియో చూస్తే ఆ పని పూలమాల కట్టినంత సులువుగా కనిపించింది. కారు కిందికి దూరాక తెలిసింది. పాత నట్లు కిరసనాయిలు పోసినా కదల్లేదు, బలంగా తిప్పితే అంచులు అరిగి గుండ్రమయ్యాయి. కళ్లలో తుప్పు, నోట్లో తుప్పు. ఖమ్మం నుంచి తెచ్చిన కొత్త పైపులేమో తిన్నగా ఉన్నాయి, కారు అడుగుభాగం ఎక్కడా తిన్నగా లేదు. వాటిని అమ్మ పచ్చడి జాడీ చుట్టూ తిప్పి వంచాను. (రెండో పైపుకే జాడీ పగిలింది. ఆ ఏడు మా ఆవకాయ బకెట్లో బతికింది.) చాప మీద వెల్లకిలా పడుకుని, నా బతుకింతేనని, బ్యాంకు పరీక్షకు ఏ పుస్తకాలు కొనాలా అని ఆలోచించుకున్న ఘడియలు చాలా ఉన్నాయి.

ఎలాగో పైపులు బిగించాను. ఇక లోపల చిక్కిన గాలి తీయాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గరి చిన్న స్క్రూ వదులు చేస్తే బుడగలతో ఆయిల్ వస్తుంది. స్క్రూ మళ్లీ బిగించేదాకా కాలు తీయకూడదు, తీస్తే గాలి వెనక్కి పోతుంది. అమ్మ కాలు అందకపోవడంతో పెడల్ నాన్నకు దక్కింది. ఆయన జీవితమంతా చెప్పినవాడే తప్ప చెప్పింది విన్నవాడు కాదు.

'నాన్నా, నొక్కి పట్టు. నేను చెప్పిందాంక కాలు తియ్యకు.'

'ఎందుకు తియ్యొద్దు?'

'గాలి పోతది లోపటికి.'

'ఎంత గాలి పోతది?' అంటూ కాలు తీసి వంగి చూసేవాడు. బుడగలు మళ్లీ మొదటికి. ఒక డబ్బా ఆయిల్ అయిపోయింది, రెండోదీ సగానికి వచ్చింది. ఆయన పీడనం మీద పాఠం మొదలుపెట్టాడు. నేను మధ్యలో లేచి జవాబులు చెప్పి మళ్లీ పడుకునేదాన్ని. చివరికి నా ఓపిక నశించింది.

'నోర్ముయ్! కాలు కదిపితే బయట నిలబెడ్త!'

అది ఆయన క్లాసులో అనే మాటే. వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారిన చప్పుడు వినిపించింది. నాన్న పెడల్ నొక్కి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, నేను 'వదులు' అనేదాకా కదలకుండా కూర్చున్నాడు. బుడగలు ఆగిపోయాయి. పెడల్ రాయిలా గట్టిపడింది.

పరీక్షకు నేను స్టీరింగ్ పట్టాను. 'దూరం నుంచి చూస్తే లెక్క తప్పుతది' అంటూ నాన్న పక్కన కూర్చున్నాడు. హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పోయింది కనుక, అమ్మ చక్రం కింది రాయి లాగింది. కారు కదిలింది. గీతకు ముందే బ్రేకు తొక్కాను. కారు బుద్ధిగా నెమ్మదించింది. నేను గర్వంగా నాన్న వైపు చూశాను. అంతలో కాలి కింద పెడల్ మెత్తబడి నేలకు అంటుకుంది. కారు గీత దాటింది, గేటు దాటింది, రోడ్డు దాటింది, ఎదురింటి పెద్దమ్మ ఎండబోసిన మిరపకాయల కుప్పలోకి ముక్కుదాకా దూరి ఆగింది. (వెనక ఎడమ చక్రం దగ్గరి పైపు నట్టు ఒకటి చేత్తో తిప్పి వదిలేశాను, పానాతో బిగించలేదు. ఆ సంగతి మర్నాడు తెలిసింది.)

ఎర్రటి ఘాటు పొగలా లేచింది. 'ఏంది సారూ గిట్ల జేస్తిరి!' అని పెద్దమ్మ మొత్తుకుంటోంది. నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. 'అయిపోయింది నాన్నా. బ్యాంకు పుస్తకాలు తెప్పియ్యి.'

నాన్న వరసగా తుమ్మి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ల వెంటా నీళ్లు కారుతున్నాయి. అమ్మ పరుగెత్తుకొచ్చి, 'ఆగిందా?' అని అడిగింది.

'అవ్, ఆగింది' అన్నాడు నాన్న.

'గీత దాటింది గదా?'

ఆయన వెనక్కి తిరిగి, రోడ్డుకు అవతల ఉన్న గీతను చాలాసేపు చూశాడు. 'గీత మరీ దగ్గరగ గీసిన. లెక్క నాదే తప్పింది' అన్నాడు. తర్వాత దిగి, పంచె ఎగ్గట్టి, పెద్దమ్మతో కలిసి మిరపకాయలు ఏరడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు పుణెలో నా పని బ్రేకులు తనిఖీ చేయడమే. పైపు చివర చుక్క తడి కనిపించినా పక్కన పెట్టేస్తాను, ఎవరు బతిమాలినా వినను. ఆ రోజు ఆ కారు నా ముందుకొచ్చి ఉంటే మాత్రం, రెండో మాట లేకుండా ఫెయిల్ చేసి, ఆ పిల్లను బ్యాంకు పరీక్షకు పంపేసేదాన్ని.